కుంగుబాటు నివారక మందులు

కుంగుబాటు అనే మానసిక రుగ్మత చికిత్సలో వాడే మందులను కుంగుబాటు నివారక మందులు లేదా యాంటీడిప్రెసెంట్లు అంటారు. మెదడులోని నాడీకణాల మధ్య వార్తలను మోసే కొన్ని రసాయనాల మీద ఇవి పనిచేస్తాయి. వీటిలో మొట్టమొదటివి 1950ల దశకంలో, వేరే జబ్బులకు మందులు వెతుకుతుండగా, దాదాపు యాదృచ్ఛికంగా బయటపడ్డాయి. ఆందోళన రుగ్మతలు, చాదస్తపు రుగ్మత, నరాల నొప్పి, పార్శ్వపు నొప్పి వంటి ఇతర సమస్యలకు కూడా వీటిలో కొన్నింటిని వాడుతారు.

ఈ మందుల విషయంలో అందరూ మొదట తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. వీటి అవాంఛిత ప్రభావాలు మొదటి రోజు నుండే కనిపించవచ్చు. మేలు మాత్రం రెండు నుండి నాలుగు వారాలు గడిస్తే గాని స్పష్టంగా తెలియదు. ఈ ఎడం ఎందుకు ఏర్పడుతుందో తెలియని రోగి "ఈ మందు నాకు పడలేదు" అనుకొని, పని మొదలయ్యే వేళకే దానిని మానివేస్తాడు. ఈ వ్యాసంలో మందుల తరగతులతో బాటు ఈ ఎడానికి గల కారణాలు కూడా వివరించబడ్డాయి.

కుంగుబాటు అంటే ఏమిటి?

దిగులు అందరికీ కలుగుతుంది. ఆత్మీయులు పోయినప్పుడు, పంట దెబ్బతిన్నప్పుడు, పరీక్ష తప్పినప్పుడు మనసు క్రుంగడం సహజం. అది జబ్బు కాదు. వైద్యశాస్త్రం ప్రకారం తీవ్ర కుంగుబాటు అని నిర్ధారించాలంటే ఈ కింది తొమ్మిది లక్షణాలలో కనీసం అయిదు, కనీసం రెండు వారాల పాటు, దాదాపు ప్రతిరోజూ ఉండాలి. వాటిలో మొదటి రెండింటిలో ఒకటైనా తప్పనిసరి.

1. రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండడం
2. ఇంతకు ముందు ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి, ఆనందం లేకపోవడం
3. ఆకలిలో గాని బరువులో గాని స్పష్టమైన మార్పు
4. నిద్ర పట్టకపోవడం, లేదా అతినిద్ర
5. కదలికలు, మాటలు మందగించడం, లేదా నిలకడ లేని ఆందోళన
6. ఎడతెగని అలసట
7. తాను పనికిరానివాడిననే భావన, అకారణమైన అపరాధ భావన
8. ఏకాగ్రత కుదరకపోవడం, నిర్ణయాలు తీసుకోలేకపోవడం
9. చావు గురించి పదేపదే ఆలోచనలు

ఇవి మనిషి రోజువారీ జీవితాన్ని, పనిపాటలను దెబ్బతీసే స్థాయిలో ఉండాలి.

మన పల్లెలలో రోగి "నాకు దిగులుగా ఉంది" అని వైద్యుని వద్దకు రావడం తక్కువ. ఒళ్ళు నొప్పులు, గుండెదడ, కడుపులో మంట, నీరసం, తల బరువు అని చెబుతాడు. ఊరిలో దీనికి "నరాల బలహీనత" అని పేరు పెడతారు. బలం సూదులు, సెలైను ఎక్కించుకోవడంతోనే నెలలు గడిచిపోతాయి. థైరాయిడు లోపం, రక్తహీనత, బి12 విటమిను లోపం కూడా ఇటువంటి లక్షణాలనే కలిగించగలవు కనుక చికిత్సకు ముందు వీటికి పరీక్షలు చేయించడం మంచిది.

మెదడులో వార్తల రవాణా

ఒక నాడీకణం మరొక నాడీకణాన్ని నేరుగా తాకదు. రెండింటి నడుమ అతి సన్నని సందు ఉంటుంది. దీనిని నాడీసంధి అంటారు. మొదటి కణం ఈ సందులోకి ఒక రసాయనాన్ని విడుదల చేస్తుంది. అది అవతలి కణం మీద ఉన్న గ్రాహకాలకు అతుక్కొని వార్తను అందజేస్తుంది. ఈ రసాయనాలనే నాడీ వార్తాహరులు అనవచ్చు. సెరొటోనిన్, నారెపినెఫ్రిన్, డోపమైన్ అనే మూడు వార్తాహరులకు కుంగుబాటు చికిత్సలో ప్రాముఖ్యం ఉంది. రసాయన నిర్మాణాన్ని బట్టి ఈ మూడింటినీ కలిపి మోనోఅమైన్లు అంటారు.

వార్త అందిన తరువాత వార్తాహరి సందులోనే ఉండిపోతే తరువాతి వార్తకు అర్థం ఉండదు. అందుకని దానిని తొలగించడానికి రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది, విడుదల చేసిన కణమే దానిని తిరిగి లోపలికి పీల్చుకోవడం. దీనిని పునర్‌గ్రహణం అంటారు. ఇందుకు కణపు పొర మీద ప్రత్యేకమైన రవాణా ప్రోటీనులు ఉంటాయి. రెండవది, మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము దానిని విచ్ఛిన్నం చేయడం. కుంగుబాటు నివారక మందులలో అధికభాగం ఈ రెండింటిలో ఏదో ఒకదానిని అడ్డుకుంటాయి. నాడీకణాలు వార్తాహరులను తిరిగి పీల్చుకుంటాయని చూపిన జూలియస్ ఆక్సెల్‌రాడ్‌కు 1970లో నోబెల్ బహుమతి లభించింది.

చరిత్ర

క్షయరోగులకు నేటికీ ఇచ్చే ఐసోనియజిడ్ మందు పేరు చాలామంది ఎరిగినదే. దాని దగ్గరి బంధువైన ఇప్రోనియజిడ్‌ను 1952 ప్రాంతంలో న్యూయార్కులోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగుల మీద పరీక్షించారు. ఊపిరితిత్తుల మాట అటుంచి, మంచాన పడిన రోగులు ఉత్సాహంగా తిరగసాగారు. అదే సంవత్సరం ఈ మందు మోనోఅమైన్ ఆక్సిడేజ్‌ను అడ్డుకుంటుందని తెలిసింది. 1957లో నేథన్ క్లైన్ తన సహచరులతో కలిసి దీనిని కుంగుబాటు రోగులకు ఇచ్చి ఫలితాలను వెల్లడించాడు. కాలేయానికి హాని చేయడంతో తరువాతి కాలంలో ఇది వాడుక నుండి తొలగింది.

అదే కాలంలో స్విట్జర్లాండులోని మ్యూన్‌స్టర్‌లింగెన్ ఆసుపత్రిలో రోలాండ్ కూన్ అనే వైద్యుడు ఇమిప్రమిన్ అనే పదార్థాన్ని పరీక్షిస్తున్నాడు. స్కిజోఫ్రీనియాకు మందు అవుతుందేమోనని అతనికి దానిని ఇచ్చారు. ఆ జబ్బుకు అది పనిచేయలేదు. కాని తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవారిలో మంచి మార్పు కనిపించింది. 1957లో అతడు దీనిని ప్రకటించాడు.

ఈ కథలో ఒక భారతీయ మొక్కకు కూడా పాత్ర ఉంది. అది సర్పగంధ. కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లో దీని గుణాలను ప్రచురించారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రక్తపోటు మీద దీని ప్రభావాన్ని బ్రిటిష్ పత్రికలో వివరించాడు. 1952లో ఈ మొక్క నుండి రిసర్పిన్ అనే క్రియాశీల పదార్థాన్ని వేరుచేశారు. రిసర్పిన్ మెదడులోని మోనోఅమైన్ల నిల్వలను ఖాళీ చేస్తుంది. దానిని వాడిన కొందరు రక్తపోటు రోగులు కుంగుబాటుకు లోనైనట్టు వైద్యులు గమనించారు. ఒక మందు మోనోఅమైన్లను తగ్గిస్తే మనసు క్రుంగుతున్నది, మరొక మందు పెంచితే లేస్తున్నది అనే ఈ తర్కం నుండే 1960ల దశకంలో మోనోఅమైన్ సిద్ధాంతం పుట్టింది. రిసర్పిన్‌కు కుంగుబాటుకు ఉన్న సంబంధం మొదట అనుకున్నంత బలమైనది కాదని తరువాతి పరిశీలనలు సూచించాయి.

ముఖ్యమైన తరగతులు

మోనోఅమైన్ ఆక్సిడేజ్ నిరోధకాలు

ఫెనెల్జిన్, ట్రానిల్‌సైప్రమిన్ ఈ తరగతికి చెందినవి. ఎంజైమును అడ్డుకోవడం ద్వారా మూడు వార్తాహరులనూ పెంచుతాయి. వీటితో ఒక చిక్కు ఉంది. ఎక్కువకాలం మగ్గబెట్టిన చీజ్, సోయా సాస్, కొన్ని రకాల బీరు వంటి వాటిలో టైరమిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలుగా దీనిని పేగులలోని, కాలేయంలోని ఇదే ఎంజైము నాశనం చేస్తుంది. మందు ఆ ఎంజైమును అడ్డుకున్నప్పుడు టైరమిన్ రక్తంలో చేరి రక్తపోటును ప్రమాదకరంగా పెంచుతుంది. మన ఇళ్ళలో వండే జున్ను, తాజా పనీరు మగ్గబెట్టిన చీజ్ వంటివి కావు. ఆహార నియమాల మూలంగా, ఇతర మందులతో పడకపోవడం మూలంగా ఈ తరగతి వాడకం నేడు చాలా తగ్గింది.

ట్రైసైక్లిక్ మందులు

ఇమిప్రమిన్, అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్, క్లోమిప్రమిన్ ఈ తరగతిలోనివి. వీటి అణువులో మూడు వలయాలు ఉండడం చేత ఈ పేరు వచ్చింది. ఇవి సెరొటోనిన్, నారెపినెఫ్రిన్‌ల పునర్‌గ్రహణాన్ని అడ్డుకుంటాయి. అయితే ఇవి అంతటితో ఆగవు. ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను అడ్డుకోవడం వల్ల నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం కష్టంగా రావడం జరుగుతాయి. హిస్టమిన్ గ్రాహకాలను అడ్డుకోవడం వల్ల నిద్రమత్తు, బరువు పెరగడం సంభవిస్తాయి. ఆల్ఫా గ్రాహకాల మీది ప్రభావం వల్ల ఒక్కసారిగా లేచి నిలబడినప్పుడు కళ్ళు తిరుగుతాయి. మోతాదు మించితే గుండె లయ దెబ్బతిని ప్రాణాపాయం కలుగుతుంది. కనుకనే ఈ మందులను రోగి చేతికి ఒకేసారి ఎక్కువ రోజులకు ఇవ్వకపోవడం మంచి పద్ధతి.

10 లేదా 25 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ మాత్రను నరాల నొప్పికి, పార్శ్వపు నొప్పి రాకుండా ఉండడానికి వైద్యులు తరచుగా రాస్తారు. చీటీలో ఈ పేరు కనబడినంత మాత్రాన తనకు మానసిక వ్యాధి ఉన్నదని రోగి అనుకోనక్కరలేదు.

ఎస్.ఎస్.ఆర్.ఐ. మందులు

సెరొటోనిన్ పునర్‌గ్రహణాన్ని మాత్రమే ప్రధానంగా అడ్డుకునే మందులివి. ఫ్లూఆక్సిటిన్, సెర్‌ట్రలిన్, పారాక్సిటిన్, ఫ్లూవాక్సమిన్, సిటాలోప్రామ్, ఎస్సిటాలోప్రామ్ ఈ కోవలోనివి. వీటిలో మొదట మార్కెట్టుకు వచ్చినది జిమెలిడిన్. 1982లో వచ్చి, అరుదైన నాడీ సమస్య కారణంగా 1983లో ఉపసంహరించబడింది. ఎలి లిల్లీ సంస్థ కనుగొన్న ఫ్లూఆక్సిటిన్‌కు అమెరికాలో 1987 డిసెంబరులో అనుమతి లభించింది. ప్రోజాక్ అనే పేరుతో అది ప్రపంచమంతటా ప్రసిద్ధి చెందింది.

ట్రైసైక్లిక్ మందుల కన్నా ఇవి ఎక్కువ శక్తిమంతమైనవని కాదు, ఎక్కువ సురక్షితమైనవి. మోతాదు మించినా గుండెకు కలిగే హాని తక్కువ. అందువలననే నేడు చికిత్సను సాధారణంగా వీటితోనే ప్రారంభిస్తారు. వికారం, విరేచనాలు, తలనొప్పి, నిద్రలో మార్పు, చెమట, లైంగిక సమస్యలు వీటి అవాంఛిత ప్రభావాలు. వృద్ధులలో రక్తంలోని సోడియం తగ్గవచ్చు. నొప్పి మాత్రలతో కలిపి వాడితే కడుపులో రక్తస్రావం జరిగే అవకాశం పెరుగుతుంది. సిటాలోప్రామ్ అధిక మోతాదులో గుండె విద్యుత్ లయను మార్చగలదని 2011లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది.

ఈ తరగతిలోని మందులు శరీరంలో నిలిచే కాలం ఒక్కొక్కదానికి ఒక్కో విధంగా ఉంటుంది. రక్తంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధాయువు అంటారు. ఇది పారాక్సిటిన్‌కు సుమారు 21 గంటలు, సెర్‌ట్రలిన్‌కు సుమారు 26 గంటలు. ఫ్లూఆక్సిటిన్‌కు కొన్ని రోజులు. కాలేయంలో దాని నుండి ఏర్పడే నార్‌ఫ్లూఆక్సిటిన్‌కు ఒకటి రెండు వారాలు. కనుక ఒక పూట మాత్ర మరచిపోయినా ఫ్లూఆక్సిటిన్ వాడేవారికి తేడా తెలియదు. పారాక్సిటిన్‌ను హఠాత్తుగా ఆపితే మాత్రం రెండు మూడు రోజులలోనే కళ్ళు తిరగడం, చిరాకు, తలలో కరెంటు పాకినట్టు అనిపించడం మొదలు కావచ్చు.

ఎస్.ఎన్.ఆర్.ఐ. మందులు

వెన్లాఫాక్సిన్, డెస్‌వెన్లాఫాక్సిన్, డ్యులోక్సిటిన్ సెరొటోనిన్‌తో బాటు నారెపినెఫ్రిన్ పునర్‌గ్రహణాన్ని కూడా అడ్డుకుంటాయి. అయితే ట్రైసైక్లిక్ మందుల వలె ఇతర గ్రాహకాల జోలికి పెద్దగా పోవు. వెన్లాఫాక్సిన్ వాడేవారు రక్తపోటును చూపించుకుంటూ ఉండాలి. మధుమేహం వల్ల వచ్చే కాళ్ళ మంటలకు డ్యులోక్సిటిన్‌ను వాడుతారు.

ఇతర మందులు

మిర్టాజపిన్ పునర్‌గ్రహణాన్ని అడ్డుకోదు. వార్తాహరుల విడుదలకు పగ్గం వేసే ఆల్ఫా-2 గ్రాహకాలను అడ్డుకొని, ఆ విడుదలను పెంచుతుంది. నిద్రను, ఆకలిని పెంచుతుంది కనుక నిద్రలేక, తిండి సహించక చిక్కిపోయిన రోగికి ఉపయోగపడుతుంది. బుప్రోపియాన్ డోపమైన్, నారెపినెఫ్రిన్‌ల మీద పనిచేస్తుంది. లైంగిక సమస్యలు తక్కువ, కాని మూర్ఛలు ఉన్నవారికి తగదు. పొగతాగడం మాన్పించడానికి కూడా దీనిని వాడుతారు. ట్రజోడోన్‌ను తక్కువ మోతాదులో నిద్రకోసం ఇస్తారు.

ఇంతవరకు చెప్పినవన్నీ మోనోఅమైన్లకు సంబంధించినవి. కీటమిన్ మార్గం వేరు. ఆపరేషన్లలో మత్తు కోసం దశాబ్దాలుగా వాడుతున్న ఈ మందు గ్లూటమేట్ అనే వార్తాహరి గ్రాహకాల మీద పనిచేస్తుంది. తక్కువ మోతాదులో ఇస్తే కొన్ని గంటలలోనే కుంగుబాటు తగ్గించగలదని 2000లో ఒక చిన్న పరిశోధన చూపింది. దీని నుండి రూపొందిన ఎస్‌కీటమిన్ ముక్కు స్ప్రేకు 2019లో అమెరికాలో అనుమతి లభించింది. ఇతర మందులకు లొంగని కుంగుబాటుకు, వైద్యుల పర్యవేక్షణలో మాత్రమే దీనిని ఇస్తారు.

మేలు ఆలస్యంగా ఎందుకు కనబడుతుంది?

ఎస్.ఎస్.ఆర్.ఐ. మాత్ర వేసుకున్న కొద్ది గంటలలోనే సెరొటోనిన్ పునర్‌గ్రహణం ఆగుతుంది. అయినా మనసు అదే రోజు కుదుటపడదు. లోపించిన రసాయనాన్ని నింపడమే చికిత్స అయితే ఇలా జరగకూడదు. ఈ ఆలస్యాన్ని వివరించడానికి శాస్త్రజ్ఞులు ముఖ్యంగా రెండు కారణాలు చెబుతారు.

మొదటిది, మెదడు తనకు తాను వేసుకునే పగ్గం. సెరొటోనిన్‌ను తయారుచేసే కణాల మీదనే స్వీయ గ్రాహకాలు ఉంటాయి. చుట్టూ సెరొటోనిన్ పెరిగిందని ఇవి గుర్తించగానే ఆ కణాల పనిని తగ్గిస్తాయి. అంటే మందు ఒక చేతితో ఇచ్చినదానిని మెదడు మరొక చేతితో తీసివేస్తుంది. మందు క్రమం తప్పకుండా సాగితే రెండు మూడు వారాలలో ఈ స్వీయ గ్రాహకాలు మొద్దుబారి పగ్గం సడలుతుందని జంతువుల మీది ప్రయోగాలు చూపాయి.

రెండవది, నాడీకణాల మధ్య సంబంధాలు మారడం. దీర్ఘకాలం మందు వాడినప్పుడు నాడీకణాల పెరుగుదలకు తోడ్పడే ప్రోటీనులు పెరుగుతాయని, కొత్త నాడీసంధులు ఏర్పడతాయని ప్రయోగాలు సూచిస్తున్నాయి. నాటిన నారు వేరూనుకోవడానికి రోజులు పట్టినట్టే దీనికీ సమయం పడుతుంది.

అవాంఛిత ప్రభావాలకు ఈ నిరీక్షణ లేదు. శరీరంలోని సెరొటోనిన్‌లో సుమారు 90 శాతం మెదడులో కాదు, జీర్ణవ్యవస్థలో ఉంటుంది. మందు అక్కడ కూడా పనిచేస్తుంది. మొదటి రోజులలో వికారం, కడుపులో తిప్పడం అందుకే. చాలామందిలో ఇవి ఒకటి రెండు వారాలలో వాటంతటవే తగ్గిపోతాయి. మాత్రను భోజనం తరువాత వేసుకోవడం, తక్కువ మోతాదుతో మొదలుపెట్టడం వల్ల ఈ ఇబ్బంది తగ్గుతుంది.

కొద్దిపాటి మార్పు మొదటి రెండు వారాలలోనే కనిపించవచ్చు. తరచుగా దానిని రోగికన్నా ముందు ఇంటివారే గమనిస్తారు: రాత్రి కాస్త నిద్రపోయాడని, పళ్ళెంలో అన్నం మిగల్చలేదని, పిలిస్తే పలికాడని. మనసులోని దిగులు తగ్గడం ఆ తరువాతి మాట. పూర్తి ఫలితానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టవచ్చు.

ఇవి నిజంగా పనిచేస్తాయా?

2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక సమీక్షలో 522 పరీక్షలను, 1,16,477 మంది రోగుల వివరాలను క్రోడీకరించారు. పరిశీలించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగ్గా పనిచేశాయని తేలింది. అయితే సగటు తేడా మరీ పెద్దది కాదు. అమెరికాలో జరిగిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో దాదాపు మూడింట ఒక వంతు మందికి మాత్రమే లక్షణాలు పూర్తిగా తగ్గాయి. మొదటి మందు పనిచేయకపోతే మోతాదు పెంచడం, వేరే తరగతికి మారడం, లిథియం వంటి మరొక మందును జోడించడం చేస్తారు. కనుక ఒక మందు ఫలించకపోవడం చికిత్స విఫలమైనట్టు కాదు.

కుంగుబాటు కేవలం సెరొటోనిన్ లోపం వల్ల వస్తుందనే వాదానికి నిలకడైన ఆధారాలు లేవని 2022లో బ్రిటిష్ పరిశోధకుల సమీక్ష ఒకటి తేల్చింది. దీని అర్థం మందులు పనిచేయవని కాదు. జ్వరం పారాసిటమాల్ లోపం వల్ల రాదు; అయినా పారాసిటమాల్ జ్వరాన్ని తగ్గిస్తుంది. మందు పనిచేసే తీరు, జబ్బు పుట్టిన తీరు ఒకటే కానక్కరలేదు.

తేలికపాటి కుంగుబాటుకు మందుకన్నా మాటల చికిత్స, వ్యాయామం, దినచర్యను తిరిగి నిలబెట్టడం ముందు ప్రయత్నించదగినవి. ఒక మోస్తరు, తీవ్ర స్థాయిలలో మందు, మాటల చికిత్స కలిపితే ఫలితం మెరుగు. ఆహారం కూడా మానివేసిన అతి తీవ్ర స్థితిలో విద్యుత్ చికిత్స బాగా పనిచేస్తుంది. మత్తు, కండరాలను సడలించే మందు లేకుండా దీనిని ఇవ్వడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

తెలుగు ప్రాంతాలలో

కుంగుబాటు మందుల చరిత్రలో హైదరాబాదుకు ఒక స్థానం ఉంది. కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2001 ఆగస్టులో 40 మిల్లీగ్రాముల ఫ్లూఆక్సిటిన్ గుళికను అమెరికా మార్కెట్టులో విడుదల చేసింది. అక్కడి చట్టం ప్రకారం ఒక జెనెరిక్ మందుకు 180 రోజుల ప్రత్యేక అమ్మకపు హక్కు పొందిన మొదటి భారతీయ సంస్థ అదే. నేడు ఫ్లూఆక్సిటిన్, ఎస్సిటాలోప్రామ్, అమిట్రిప్టిలిన్ భారత జాతీయ అత్యవసర ఔషధాల పట్టికలో ఉన్నాయి. ఇవి ఖరీదైన మందులు కావు.

మందు ఉన్నా అది రోగికి చేరడం వేరే సంగతి. బెంగుళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దలలో దాదాపు ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనయ్యారు. కుంగుబాటు ఉన్నవారిలో సుమారు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. తెలుగు రాష్ట్రాలు ఆ 12 రాష్ట్రాలలో లేవు.

వరంగల్లులోని మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి లెక్కలు మరొక కోణాన్ని చూపుతాయి. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనం ప్రకారం 1997-2002 మధ్య పురుగుమందుల విషప్రభావంతో అక్కడ చేరినవారు 8,040 మంది. వారిలో 22.6 శాతం మంది మరణించారు. 2002లో చేరినవారిలో 96 శాతం మంది ఆత్మహత్యకు ప్రయత్నించినవారే; మూడింట రెండు వంతుల మంది 30 ఏళ్ళ లోపువారు. నాటి వరంగల్లు జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరిన కురవి వంటి మండలాలు పత్తి, మిరప పండే ప్రాంతాలు. పంటకు కొన్న మందు ఇంటి మూలన ఉండడం అక్కడ మామూలు.

ఈ మరణాలన్నిటికీ కుంగుబాటే కారణమనడం సరి కాదు. అప్పు, పంట నష్టం, ఇంటి తగవులు, క్షణికావేశం ఇందులో కలిసి ఉంటాయి. ఏ మాత్రా అప్పును తీర్చదు. కాని చికిత్సకు లొంగే కుంగుబాటు ఉన్న మనిషికి మందు పనిచేయడానికి మూడు వారాలు పడుతుంది. పురుగుమందు మాత్రం ఎప్పుడూ చేతికి అందేంత దూరంలో ఉంటుంది. ఈ మూడు వారాలు మనిషిని కనిపెట్టుకొని ఉండడం, ఇంట్లోని పురుగుమందులను తాళం వేసి గాని, ఇంటి నుండి తీసివేసి గాని ఉంచడం, మాత్రలను ఇంటివారి అధీనంలో ఉంచడం కూడా చికిత్సలో భాగమే.

వైద్యాన్ని పల్లెకు తీసుకువెళ్ళే ప్రయత్నాలు తెలుగువారి నడుమ కూడా జరిగాయి. తెలుగువారు అధికంగా ఉన్న కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో నిమ్హాన్స్ 1985-90 మధ్య జరిపిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. తొలి విడతలో ఎంపికైన నాలుగు జిల్లాలలో మెదక్ ఒకటి. తరువాతి కాలంలో పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఆశా కార్యకర్తలకు శిక్షణ ఇచ్చారు. వారు ఇంటింటికి వెళ్ళి, చేతిలోని ట్యాబ్ సాయంతో ప్రశ్నలు అడిగి, కుంగుబాటు లక్షణాలు ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు వద్దకు పంపారు. మందు సక్రమంగా వాడుతున్నారో లేదో మళ్ళీ వెళ్ళి చూశారు. ఆ జిల్లాతో బాటు హర్యానాలో కూడా జరిపిన పరీక్షలో ఈ పద్ధతి వల్ల కుంగుబాటు తగ్గినట్టు తేలింది.

మహబూబాబాదులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. జనగామ, భూపాలపల్లిలలో 2023లో ప్రారంభమయ్యాయి. అంతకు ముందు ఈ ప్రాంతపు రోగులకు పెద్దాసుపత్రి అంటే వరంగల్లు, లేదా హైదరాబాదులోని ఎర్రగడ్డ. "ఎర్రగడ్డ" అన్న మాటే ఎగతాళికి వాడే పదం కావడం చాలామందిని వైద్యానికి దూరం చేసింది.

వాడేవారు తెలుసుకోవలసినవి

* ఇవి నిద్రమాత్రలు కావు. డయాజెపామ్, ఆల్ప్రజోలం వంటివి వేరే జాతి మందులు. వాటికి అలవాటు పడే ప్రమాదం ఉంది. కుంగుబాటు మందులకు ఆ విధమైన వ్యసనం లేదు. హఠాత్తుగా మానితే కలిగే ఇబ్బంది వ్యసనం కాదు.
* కుదుటపడిన తరువాత కూడా కనీసం ఆరు నుండి తొమ్మిది నెలలు కొనసాగించాలి. మళ్ళీమళ్ళీ వచ్చేవారికి రెండేళ్ళు, అంతకు మించి అవసరం కావచ్చు. ఆపవలసి వచ్చినప్పుడు వైద్యుని సలహాతో వారాల తరబడి మెల్లగా తగ్గించాలి.
* సారాయి, కల్లు తాగకూడదు. కల్తీ కల్లులో మత్తు మందులు కలిపిన ఉదంతాలు తెలంగాణలో అనేకం బయటపడ్డాయి. రెండు మత్తులు కలిస్తే ప్రమాదం.
* ట్రమడాల్ అనే నొప్పి మందు, డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందు, మొండి క్షయకు ఇచ్చే లినెజోలిడ్ వీటితో కలిసినప్పుడు సెరొటోనిన్ మితిమీరి వణుకు, జ్వరం, కండరాల బిగుతు, తికమక కలగవచ్చు. ఇది అత్యవసర పరిస్థితి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా వాడుతున్న మందుల చీటీ చూపించాలి.
* గతంలో ఎప్పుడైనా నిద్ర అక్కరలేనంత ఉత్సాహం, అతిగా మాట్లాడడం, విచ్చలవిడి ఖర్చు వంటి దశ వచ్చి ఉంటే తప్పక చెప్పాలి. అది బైపోలార్ రుగ్మత కావచ్చు. అటువంటివారికి ఈ మందులు మాత్రమే ఇస్తే ఉన్మాద దశ రావచ్చు.
* పిల్లలలో, 24 ఏళ్ళ లోపు యువతలో మందు మొదలుపెట్టిన తొలి వారాలలో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2004లోను, 2007లోను హెచ్చరికలు చేర్చింది. ఈ కాలంలో ఇంటివారు దగ్గరుండాలి. మార్పు కనబడితే వెంటనే వైద్యునికి తెలపాలి.
* గర్భవతులు, బాలింతలు తమంతట తాము మందు ఆపరాదు. మందు వల్ల కలిగే నష్టాన్ని, జబ్బు వల్ల కలిగే నష్టాన్ని బేరీజు వేసి వైద్యుడు నిర్ణయిస్తాడు.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 నంబరు మీద రాత్రింబగళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, అతనిని శిక్షించరాదని 2017 నాటి చట్టం చెబుతున్నది. కనుక పోలీసు కేసు భయంతో వైద్యానికి వెనుకాడవలసిన పని లేదు.